ఏడు మంచు కథలు

నా చిన్నప్పుడు, అంటే నాకు నలభై తొమ్మిదేళ్లప్పుడు, దుబాయ్‌లో ఒక తాత నాకు బుద్ధి నేర్పారు. నలభై తొమ్మిదిని చిన్నతనం అంటారా అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. పుట్టినప్పటి నుంచి లెక్కవేస్తే అప్పటికే నేను తలకు రంగు వేసుకుంటున్నాను, నిజమే. బుద్ధి వచ్చినప్పటి నుంచి లెక్కవేస్తే మాత్రం ఆ రోజుకి నేనింకా పుట్టనే లేదు. పైగా ఆ తాతకు ఎనభై నాలుగేళ్లు. ఆయన ముందు నిలబడితే నేనే కాదు, ఆ మేడలూ వంతెనలూ సహా దుబాయ్ మొత్తం లాగు తొడుక్కున్న పిల్లకాయలా కనబడేది.

నేను బర్ దుబాయ్‌లో ఒక చిన్న ట్రాన్స్‌పోర్టు కంపెనీలో డ్రైవర్ని. బట్టల కొట్ల పైన మూడో అంతస్తులో మా గది. గదిలో ఆరుగురం, ఏసీ ఒకటి, రిమోటు ఒకటి. లోకంలో రాజ్యాల కోసం జరిగిన యుద్ధాలన్నీ కుప్ప పోసినా, ఆ రిమోటు కోసం మా గదిలో జరిగినన్ని ఉండవు. నాకు ఉక్క పడదు, జగిత్యాల తమ్ముడికి చలి పడదు, మిగతా నలుగురికి మేమిద్దరం పడం. చివరికి వయసులో పెద్దవాణ్నని, రిమోటు నా చొక్కా జేబులోనే ఉండాలని పంచాయతీ తీర్పు ఇచ్చింది. ఆ రోజు నుంచి తినేటప్పుడూ, పడుకునేటప్పుడూ, నమాజుకు వంగేటప్పుడూ అది నా గుండెకు ఆనుకునే ఉంది. ఏసీ రిమోటు కంటబడితే చాలు, నా చెయ్యి దాన్ని తీసి జేబులో వేస్తుంది. దానికి నా అనుమతి కూడా అక్కర్లేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. తర్వాత పనికొస్తుంది.

మా ఊరు రాయచోటి. ఇంట్లో నా భార్య, నా కూతురు. సముద్రానికి ఇవతల కూచుని తండ్రి ఉద్యోగం చేసేవాడికి ఉండే పనిముట్లు రెండే: వాట్సాప్, గొంతు. రెండింటినీ నేను అరిగిపోయేదాకా వాడాను. తిను, చదువు, పడుకో, ఆ సీరియల్ కట్టెయ్. ప్రతి ఆర్డరు చివరా 'ఖలాస్' అని సీలు వేసేవాణ్ని. అరబ్బీలో అయిపోయింది, ఇక మాట లేదు అని. మా ముదీర్, అంటే మా మేనేజరు, నాతో మాట్లాడే పద్ధతి అదే. ఆయన నాకు వేసిన ఖలాస్‌లన్నీ నేను జాగ్రత్తగా మూటగట్టి సాయంత్రానికి రాయచోటి పంపేవాణ్ని.

ఆ ఏడాది మా పిల్ల పదో తరగతి పాసయింది. బైపీసీ తీసుకుంటానంది, పశువుల డాక్టరు అవుతానంది. మా ఇంట్లో మేకలున్న మాట నిజమే, అవి నా మాట కంటే ఆమె మాటే వింటాయన్న మాటా నిజమే. కానీ మా కంపెనీలో ఇంజనీరు ఎదురైతే ముదీర్ కూడా లేచి నిలబడతాడు. మేకల డాక్టరు ఎదురైతే ఎవరు లేస్తారు, మేక తప్ప? అందుకని వాయిస్ మెసేజి పంపాను: "ఎంపీసీలో చేరు. ఇంజనీరు కావల్ల. ఖలాస్."

ఆమె దగ్గర నుంచి ఒకే ఒక్క మాట తిరిగి వచ్చింది. "ఖలాస్."

అంతే. ఆ రోజు నుంచి నా కూతురు ఫోను దగ్గరికి రాలేదు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, అప్పటికే ఇరవై మూడు రోజులు. నేను ఫోను చేస్తే ఆమె నమాజులో ఉండేది, లేదా మేకల దగ్గర ఉండేది, లేదా నిద్రలో ఉండేది. సాయంత్రం ఐదింటికి ఏ పిల్ల నిద్రపోతుంది? ఇక మా గదిలో సానుభూతి చూడండి. "ఏందన్నా, బిడ్డ ఇయ్యాల గూడ మాట్లాడలేదా? అరే, నీ నోట్లె ఏసీ రిమోటు వెట్టుకున్నవే. నొక్కుడే నొక్కుడు. బిడ్డేమన్న స్ప్లిట్ ఏసీయా?" అనేవాడు జగిత్యాల తమ్ముడు. పైకి తిట్టేవాణ్ని కానీ, లోపల భయం మొదలైంది. మూడు వేల కిలోమీటర్ల అవతల ఒక పిల్ల నోరు మూసుకుంటే తెరిపించే తాళం ఎక్కడ దొరుకుతుంది? కాలేజీలో చేరే గడువు పది రోజుల్లోకి వచ్చింది. ఆమె ఏదో ఒకదాంట్లో చేరిపోతుంది సరే. నాతో మాట్లాడకుండానే చేరిపోతే, ఆ తర్వాత నాతో మాట్లాడాల్సిన అవసరం ఆమెకు ఏముంటుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే మా కథల తాత దిగారు.

కరోనా మాస్కులు జేబుల్లోంచి ఇంకా పూర్తిగా పోని రోజులవి. ఇజ్రాయెల్ నుంచి నేరుగా విమానాలు రావడం మొదలై ఎంతో కాలం కాలేదు. అక్కడి నుంచి ఒక పెద్దాయన వస్తున్నారు, కథలు చెబుతారు, పుస్తకాలు రాస్తారు, యూదుల్లో ఆధ్యాత్మికంగా చాలా గొప్పవారు, ఇక్కడ ఉద్యోగం చేసే మనవరాలు నెలరోజులకు పిలిపించుకుంటోంది, నువ్వే డ్రైవరువి, యల్లా, అంటే ఇక బయల్దేరు, అన్నాడు ముదీర్. ఎయిర్‌పోర్టులో పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాను. నాభి దాకా గడ్డం, చేతిలో కర్ర, వెనక శిష్యబృందం వస్తాయని చూస్తున్నాను. వచ్చింది ఐదడుగుల మనిషి. నా పిడికిలంత గడ్డం. ఆయన లాగుతున్న సూట్‌కేసు మాత్రం రాయచోటి బస్టాండంత ఉంది. నా ముందు ఆగి, అట్ట చూసి, "క్యా రే, గాడీ కిధర్ లగాయా?" అన్నారు, బండి ఎక్కడ పెట్టావురా అని.

నా చేతిలోంచి అట్ట కింద పడింది. అచ్చమైన బొంబాయి హిందీ! ఆయన పుట్టింది అక్కడే. వాళ్ల పూర్వీకులు ఎప్పుడో బాగ్దాదు నుంచి వ్యాపారానికి వచ్చి బొంబాయిలో నిలిచిపోయారట. దారి పొడుగునా అన్నీ ఆయనే చెప్పారు. మేమిద్దరం మాట్లాడుకున్నదంతా హిందీలోనే, మీ కోసం తెలుగు చేసి చెబుతున్నాను. నేను మొదటిరోజే 'తాతా' అన్నాను. అర్థం చెబితే ఆ పిలుపు నచ్చి అదే ఉంచుకున్నారు.

ఆయన జీవితం వింటూ నేను కారు నడపడం మరిచిపోయాను. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ కథలు చెప్పేదట. రాయికొక కథ. పొరపాటున వాళ్ల నాన్న మంచి బియ్యం తెచ్చిన రోజున పిల్లలందరూ ఏడ్చేవారట. పన్నెండో ఏట కుటుంబమంతా ఓడెక్కి ఇజ్రాయెల్ వెళ్లారు. అక్కడ వీళ్ల కోసం ఎదురుచూస్తున్నవి గుడారాలు, బురద, ఒక్క ముక్క అర్థంకాని భాష. రొట్టెల బట్టీలో పనికి కుదిరారు. భాష రాక ముందు చేతులతో కథలు చెప్పేవారట, పిండిని రాజుగా, రాణిగా, దొంగగా పిసికి చూపిస్తూ. కథ అయిపోయాక రాజునీ రాణినీ బట్టీలో కాల్చి అమ్మేసేవారు. అలా నలభై ఏళ్లు రొట్టెలు చేశారు, పదకొండు పుస్తకాలు రాశారు. అన్నీ దేవుడి కథలే. అయితే దేవుడు ఆకాశంలో కూచునే రకం కథలు కావు, మనుషుల వంటింట్లో ఏ డబ్బా వెనకాల దాక్కున్నాడో వెతికే రకం. మొదటి పుస్తకం ఎవరూ కొనకపోతే రొట్టె కొన్నవాళ్లకు ఊరికే ఇచ్చారట. మర్నాడు ఇద్దరు ఆడవాళ్లు రొట్టె వెనక్కి తెచ్చి, ఇది తీసుకుని ఇంకో పుస్తకం ఇవ్వండి అన్నారట. ఇది ఎంతవరకు నిజమో నాకు తెలియదు. కాస్త పెంచి చెప్పే నాలాంటి మనిషి కనబడితే నేను గుర్తుపట్టగలను.

ఇక అసలు కథ. వాళ్ల శనివారం శుక్రవారం సాయంత్రమే మొదలవుతుంది. సూర్యుడు దిగినప్పటి నుంచి మర్నాడు చుక్కలు పొడిచేదాకా పని ముట్టుకోరు. అంటే మనం ఆదివారం మంచం మీద పడి ఉండడం లాంటిది కాదు. స్విచ్చి నొక్కరు, పొయ్యి వెలిగించరు, కారెక్కరు, లిఫ్టు మీట నొక్కరు. అందుకే తాతకు మొదటి అంతస్తులో, వాళ్ల ప్రార్థన జరిగే చోటికి నాలుగు అడుగుల దూరంలో ఫ్లాటు తీసుకున్నారు. ఆ వీధి మలుపులోనే మనవరాలి ఇల్లు. శుక్రవారం మధ్యాహ్నం నేను జుమ్మా నమాజు చేసుకుని వచ్చేసరికి ఆ మనవరాలమ్మ అన్నీ అమర్చేస్తోంది. దీపాలు వాటంతట అవే ఆరే ఏర్పాటు చేసింది. మర్నాటి కూర వేడిగా ఉండడానికి ఒక ఇనప పలక ముందే వేడెక్కించి పెట్టింది. ఫ్రిజ్ తలుపు తీస్తే వెలిగే బుల్లి బల్బు కూడా ఊడదీసింది. ఏసీ ఇరవై నాలుగు మీద పెట్టి, "రేపు పొద్దున వచ్చి తాతను ప్రార్థన నుంచి ఇంటికి నడిపించుకొచ్చి, నేను వచ్చేదాకా తోడు కూచో. ఏం కావాలో చూసుకో" అని నాకు చెప్పి, తన చంటిపిల్లకు జ్వరంగా ఉందని ఇంటికి పరిగెత్తింది.

తాత అప్పటికే ప్రార్థనకు వెళ్లిపోయారు. ఆమె అలా వెళ్లగానే నా మర్యాద మొదలైంది.

దుబాయ్‌లో మర్యాదంటే ఏసీ. మన వైపు చుట్టానికి పెరుగులో మీగడ వేస్తాం చూడండి, అలాగ ఇక్కడ పదహారు పెడతాం. ఆరుగురున్న గదిలో ఇరవై నాలుగు అనుభవించే పేదవాణ్ని నేను. ఎనభై నాలుగేళ్ల మహానుభావుడికి కూడా ఇరవై నాలుగేనా? నా చేయి ఒప్పుకోలేదు. పదహారు నొక్కాను. ఫ్యాను ఫుల్లు. నా చేయి అలవాటుగా రిమోటును నా జేబులో వేసింది. తలుపు దగ్గరగా వేసి, ఒక పుణ్యం చేసినంత తృప్తిగా బర్ దుబాయ్ వెళ్లి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున తాతను తీసుకుని ఇంటికి వచ్చాను. బయట నలభై నాలుగు డిగ్రీలు. తలుపు తీయగానే లోపల నుంచి ఒక గాలి వచ్చింది, ఆహా, కాశ్మీరం చీర కొంగు తగిలినట్టు. తాత మొహం వంక చూశాను, నా సేవకు మురిసిపోతున్నారేమోనని. ఆయన మొహం చెప్పలేనంత శాంతంగా ఉంది. నేరుగా లోపలికి వెళ్లి కాళ్లకు రెండు జతల మేజోళ్లు, భుజాల మీద ప్రార్థన శాలువా, దాని మీద దుప్పటి, దాని మీద ఇంకో దుప్పటి, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి కూర్చున్నారు. పండుగ వేషం కాబోలు అనుకున్నాను. మతం మనది కాదు, అడిగితే ఏం బాగుంటుంది?

"బేటా," అన్నారు తాత, "ఒక కథ చెప్పనా?"

నా పంట పండింది. ఊళ్లో వాళ్లందరూ టిక్కెట్టు కొన్నా దొరకని కథలు, నా ఒక్కడికి, కూచోబెట్టి! చెప్పమన్నాను.

మంచు కురిసే ఊళ్లో ఒక చెప్పులు కుట్టేవాడి కథ చెప్పారు. చలికి వాడి సూది వేలికి అతుక్కుపోయిందట. ఆహా అన్నాను. నా వంక కాసేపు చూసి, రెండోది మొదలుపెట్టారు. గడ్డకట్టిన ఏటి మీద నడిచిపోయిన ఒక గురువు. మూడోది, కట్టెలు అయిపోయిన ఒక విధవరాలు. నాలుగోది, చలికి గడియారం ముల్లే కదలని ఊరు. ఐదో కథ దగ్గర నాకు వణుకు మొదలైంది. ఎంత గొప్పగా చెబుతున్నారు! ఆయన మంచు అంటే నా వీపు మీద మంచు పడుతోంది. ఆయన 'పళ్లు టకటకలాడాయి' అంటే గదిలో నిజంగా టకటక వినబడుతోంది. మాటతో మనిషికి చలి పుట్టించే కథకుణ్ని నేను అంతకుముందు చూడలేదు. ఆరో కథలో ఒక ఎలుగుబంటి వస్తుంది. ఆ ఎలుగుబంటి చర్మం గురించి ఆయన వర్ణించిన తీరు, ఆ ఉన్ని మందం, ఆ వెచ్చదనం, చెబుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చప్పట్లు కొట్టాను. కొంత మెచ్చుకోలుకీ, కొంత చేతులు వెచ్చబడతాయనీ.

మధ్యలో రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్లి, ఆ వేడి పలక మీదికి చేతులు చాపి నిలబడి వచ్చారు. కూర వాసన చూస్తున్నారనుకున్నాను.

ఏడో కథ. ఒక రాజుగారి పడకగదిలో కిటికీ తెరుచుకుంది. మంచు లోపలికి కురుస్తోంది. రాజు ఎవరికీ ఆజ్ఞ ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. పక్కనే ఒక నౌకరు ఉన్నాడు, బంగారంలాంటి మనిషి, రాజంటే ప్రాణం. కిటికీ గడియ వాడి చేతిలోనే ఉంది. రాజు వణుకుతున్నాడు, నౌకరు జాలిగా చూస్తున్నాడు. రాజు ఇంకా వణుకుతున్నాడు, నౌకరు ఇంకా జాలిగా చూస్తున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "తాతా, ఆ నౌకరు గాడిద!"

"గాడిద అనకు. చాలా మంచివాడు. వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే."

"చెప్పాలా? ఎదురుగా ముసలి రాజు పళ్లు కొట్టుకుంటుంటే కనబడదా? గడియ చేతిలో పెట్టుకుని కూచున్నాడే, వాడికి కళ్లున్నాయా, గోళీలున్నాయా?"

కథ ఆగిపోయింది కానీ టకటక ఆగలేదు. అప్పుడు చూశాను. తువ్వాలు కింద ముక్కు పండు మిరపకాయలా ఎర్రగా ఉంది. దుప్పట్ల కింద మనిషి పిండిమర మీద గిన్నెలా అదురుతున్నాడు. నా చెయ్యి మెల్లగా, చాలా మెల్లగా, నా చొక్కా జేబు మీదికి వెళ్లింది. అందులో రెండు రిమోట్లున్నాయి. ఒకటి మాది. రెండోది మాది కాదు.

సిగ్గుతో తలెత్తకుండానే ఇరవై ఆరు నొక్కాను. తాత మాత్రం నవ్వారు. ఎంత నవ్వారంటే రెండో దుప్పటి జారిపోయింది. "ఎనిమిదో కథ ఇక నా దగ్గర లేదు బేటా. దేవుడు నిన్ను ఏడులోనే లేపాడు" అన్నారు.

మనవరాలమ్మ వచ్చి సంగతి విని తలపట్టుకుంది. శనివారం వాళ్లు పని చెయ్యకూడదు సరే, ఇంకొకరికి ఆ పని చెయ్యమని పురమాయించకూడదట కూడా. మాటలో మాటగా సూచన ఇవ్వచ్చు, అంతవరకే. కానీ చలితో బాధపడే ముసలివారు నేరుగా అడగడానికి మినహాయింపు ఉందట! "మా తాతే అడగడు. మొండి" అంది. రాత్రంతా ఆ పెద్దాయన వెచ్చగా ఉంటుందని స్నానాల గదిలో కుర్చీ వేసుకుని కూచుని కునికారని అప్పుడు తెలిసింది. నా మర్యాద ఆ మనిషిని బకెట్టు పక్కన పడుకోబెట్టింది.

ఆదివారం కారులో అడిగాను. "తాతా, మినహాయింపు ఉండి కూడా ఎందుకు అడగలేదు? ఒక్క మాట అంటే పోయేది కదా."

ఆయన చెప్పారు. బట్టీలో ఆయన మేస్త్రీ అయ్యారట. ఇరవై మంది మీద ఆజ్ఞలు. పిండి తే, మంట పెంచు, దించు. అందరూ చేసేవారు, రొట్టెలు బాగా వచ్చేవి. ఆ గొంతుతోనే ఇంటికి వచ్చేవారు. ఇంట్లో కూడా అందరూ చెప్పినట్టు చేసేవారు. కానీ శనివారం ఇంట్లో బట్టీ గొంతు వినబడకూడదని ఆయన భార్య గట్టిగా నియమం పెట్టింది. ఆజ్ఞలు తీసేస్తే ఆయన దగ్గర మాటలే మిగల్లేదట. నాయనమ్మ రాళ్లు గుర్తొచ్చాయి. కథలు చెప్పడం మొదలుపెట్టారు.

"ఒకరోజు గమనించాను బేటా. ఆరు రోజులు పిల్లలు నా మాట విని వెళ్లిపోతున్నారు. శనివారం ఒక్కరోజే నా పక్కన కూచుంటున్నారు. అందుకని శనివారాన్ని కొంచెం పొడిగించాను. ముందు ఆదివారం పొద్దుటి దాకా. తర్వాత సోమవారం దాకా. ఇప్పుడు నాకు వారమంతా శనివారమే."

సిగ్నలు పచ్చబడింది. వెనక హారన్లు మోగుతున్నాయి. నేను కదల్లేదు.

ఆ సాయంత్రం గదికి వెళ్లి, ఇక ఆజ్ఞలు లేవు, కథలే అని ప్రకటించాను. ఇంటికి ఫోను చేసి, స్పీకరు పెట్టమని, పిల్లకు వినబడేలా చూడమని భార్యతో చెప్పి గొంతు సవరించుకున్నాను. ఒక ఊళ్లో ఒక అమ్మాయి తండ్రి మాట వినకుండా బైపీసీలో చేరింది, చేరిన మూడో రోజే గొడ్ల చావిట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది, ఇంజనీరైన ఆమె స్నేహితురాలు మాత్రం కారులో వచ్చి పరామర్శించింది. ఇదీ కథ.

"ఏమయ్యా," అంది నా భార్య కాసేపటికి, "పిల్ల చెప్పులేసుకోని బయటికి పాయ. ఈ తూరి మేకల్ని గూడా తోలుకోని పాయ."

జగిత్యాల తమ్ముడు మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు.

సోమవారం తాతకు పిల్ల సంగతంతా చెప్పుకున్నాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ అన్నారు: "అది కథ కాదు బేటా. గడ్డం పెట్టుకున్న ఆర్డరు. నువ్వు గట్టు మీద కూచుని వినేవాణ్ని గోతిలో తోస్తే ఎవరు వింటారు? కథలో జారిపడేది చెప్పేవాడు కావాలి. నీ దగ్గర మంచి గొయ్యి ఒకటి ఉంది కదా. మొన్ననే తవ్వావు."

మంగళవారం ఫోను చేశాను. ఇరవై తొమ్మిదో రోజు. గడువు ఇంకా నాలుగు రోజులు. "స్పీకరు పెట్టు. పిల్లను పిలవొద్దు. ఉంటే ఉంటాది, పోతే పోతాది" అన్నాను. చెప్పడం మొదలుపెట్టాను. అల్లిన కథ కాదు, జరిగిందే. ఒక డ్రైవరు ఉన్నాడు, జేబులో రిమోటు పెట్టుకుని తిరిగే రకం. మొదటి కథ దగ్గర అవతల అలికిడి లేదు. మూడో కథకు మేక అరుపు వినబడింది, అంటే వసారాలోకి ఎవరో వచ్చారు. ఐదో కథ దగ్గర నా వణుకు, ఆరో కథ దగ్గర ఎలుగుబంటి, నా చప్పట్లు. కాస్త పెంచాను, ఒప్పుకుంటాను. పన్నెండడుగుల ఎలుగుబంటిని పద్దెనిమిది చేశాను. నౌకరు గాడిద అని నేను అరిచిన దగ్గర, నా చెయ్యి జేబు మీదికి వెళ్లిన దగ్గర, ఆగిపోయాను. కావాలని ఆగలేదు.

ఫోనులో ఫ్యాను తిరిగే చప్పుడు. మేక గంట.

"తర్వాత?"

ఇరవై తొమ్మిది రోజుల తర్వాత నా కూతురి గొంతు. ఫోనును రెండు చేతులా పట్టుకున్నాను.

"తర్వాత ఏమాయ నాయనా? చెప్పు మల్ల!"

చెప్పాను. రెండు రిమోట్ల దగ్గర ఆమె ఎంత నవ్విందంటే పక్కింటి వాళ్లు వచ్చి ఏమైందని అడిగారు. నవ్వు అయ్యాక అంది: "నేనొక కథ చెప్పేదా?"

"చెప్పు పా."

"ఒగూర్లో ఒగ మేక ఉండాది. కడుపుబ్బి మూడు దినాలనించి పడుకోనుండాది. ఆ ఊర్లో ఇంజనీర్లు పదైదు మంది. అందరూ వచ్చినారు. ఒగాయన టేపు తెచ్చి మేకను కొలిచినాడు. ఒగాయన స్విచ్చి యాడుందని తోక కింద ఎతికినాడు. ఇంకొగాయన ఆపి మల్లా ఆన్ చేయండన్నాడు."

మా ఇంటి రక్తమే, అనుమానం లేదు. "తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది. ఆ మేక ఇంగా ఎదురుచూస్తానే ఉండాది."

నాకు ఈసారి ఏడు మేకలు అవసరం కాలేదు. ఒక్కటి సరిపోయింది. 'సరే చేరు, ఖలాస్' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. మింగి చెప్పాను: "ఆ ఊరికి ఒగ డ్రైవరు వచ్చినాడంట. పదైదు మంది ఇంజనీర్లను కార్లో ఎక్కించుకోని దుబాయ్‌కి తోలుకపోయినాడంట. ఇంగ మేక పక్కన చోటు ఖాళీగా ఉండాదంట."

అవతల నుంచి ముక్కు చీదిన శబ్దం వచ్చింది. వెనక నా భార్య, "మీ తండ్రీ కూతుర్లకు నేరుగా మాట్లాడేదే రాదా?" అని విసుక్కోవడం వినబడింది.

తాత నెల తిరిగేసరికి వెళ్లిపోయారు. ఆ బస్టాండంత సూట్‌కేసును నేనే బెల్టు మీద పెట్టాను. తర్వాత వచ్చిన ఆయన పన్నెండో పుస్తకంలో దుబాయ్ నౌకరు కథ ఒకటి ఉందట. మనవరాలమ్మ చదివి చెప్పింది. అందులో మంచు కథలు ఏడు కాదు, నలభై. గదిలో పైకప్పు నుంచి మంచు ఊచలు వేలాడాయట. నాలాంటి మనిషని మొదటే చెప్పాను కదా.

నా కూతురు ఇప్పుడు పశువైద్యం చదువుతోంది. రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది, తనే. ఖలాస్ అనే మాటను నేను ముదీర్‌కే తిరిగి ఇచ్చేశాను. మా గదిలో రిమోటు ఇప్పుడు గోడకు మేకు కొట్టి వేలాడదీశాం. యుద్ధాలు మళ్లీ మొదలయ్యాయి, అది వేరే సంగతి. ఆ చిన్ననాటి శనివారం నుంచి నాకొక అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. ఎవరైనా నా ఎదురుగా కూచుని, ఏమీ అడగకుండా, ఊరికే ఒక కథ మొదలుపెడితే చాలు, నేను ముందు లేచి ఏసీ ఎంత మీద ఉందో చూస్తాను.